నక్షత్రాల కంటే ముందు గాలిని పరీక్షించిన హైదరాబాదీ: వైను బప్పు

రంజాన్ 29వ రోజు మగ్రిబ్ వేళ మిద్దెలెక్కి పడమటి వైపు చూసేవాళ్ళకు ఒక విషయం అనుభవమే. నెలవంక కిందికి దిగేకొద్దీ మసకబారుతుంది. బైనాక్యులర్స్‌తో చూస్తే దాని అంచులు నీళ్ళలో నీడలా అల్లాడుతూ కనిపిస్తాయి. చంద్రుడిలో మార్పేమీ లేదు. దిగంతం దగ్గర మన కంటికీ చంద్రుడికీ మధ్య గాలి మందం ఎక్కువ, అంతే.

ఒక్క సాయంత్రం చూసి దిగిపోయేవాళ్ళకు ఇది చిన్న ఇబ్బంది. రాత్రంతా టెలిస్కోప్ ముందు కూర్చునే ఖగోళ శాస్త్రవేత్తకు మాత్రం ఇదే అసలు శత్రువు. కోట్లు పోసి పెద్ద అద్దం తెచ్చినా, పైన గాలి కుదురుగా లేకపోతే ఆ డబ్బు సగం బూడిదలో పోసినట్టే. ఈ సంగతిని మన దేశంలో అందరికంటే గట్టిగా పట్టించుకున్న మనిషి హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్ళారు. ఆయన పేరు మణాలి కల్లాట్ వైను బప్పు. స్వతంత్ర భారతంలో ఖగోళ శాస్త్రానికి పునాది వేసిన వ్యక్తిగా ప్రపంచం ఆయన్ని గుర్తు పెట్టుకుంది. ఆయన పెరిగిన ఊళ్ళో మాత్రం ఈ పేరు తెలిసిన పిల్లలు తక్కువ.

నవాబు గారి టెలిస్కోప్ నీడలో

బప్పు కథ ఒక నవాబుగారి సరదాతో మొదలవుతుంది. పాయెగా వంశానికి చెందిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, ఫిసల్ బండలో అబ్జర్వేటరీ పెట్టారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అబ్జర్వేటరీ అని పేరొచ్చింది. 1907లో నవాబు కన్నుమూశాక ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రపంచమంతటి అబ్జర్వేటరీలు కలిసి ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫోటోలు తీస్తూ, నక్షత్రాల జాబితా తయారు చేస్తుండేవి. ఆ పనిలో హైదరాబాద్‌కూ ఒక వాటా దక్కింది. నిజామియా సిబ్బంది ఏళ్ళ తరబడి గాజు పలకల మీద ఆకాశాన్ని ఫోటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కకట్టి, సంపుటాలుగా అచ్చు వేశారు.

ఆ సిబ్బందిలో ఒకరు బప్పు తండ్రి. వాళ్ళది కేరళలోని తలశ్శేరి కుటుంబం. బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తండ్రి ఉద్యోగం బేగంపేటలో కాబట్టి పిల్లవాడి బాల్యం అబ్జర్వేటరీ గుమ్మటం కిందే గడిచింది. మిగతా పిల్లలకు రాత్రి అంటే నిద్ర. ఈ అబ్బాయికి రాత్రి అంటే నాన్న పని వేళ. ఏ రాత్రి మబ్బు పడుతుందో, ఏ రాత్రి ఆకాశం తేటగా ఉన్నా నక్షత్రాలు కుదురుగా కనబడవో చిన్నప్పటి నుంచే చూస్తూ పెరిగాడు.

నిజాం కాలేజీలో చదువుతున్నప్పుడే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాల మీద సొంతంగా పరిశీలనలు చేసి, వ్యాసాలు అచ్చు వేయించుకున్నాడు. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు.

హార్వర్డ్‌లో తోకచుక్క

1949లో హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో బప్పు అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీకి చేరారు. ఆయన వెళ్ళిన కొద్ది నెలలకే, జులై మొదట్లో తీసిన ఒక ఫోటో పలకను పరీక్షిస్తుంటే ఒక కొత్త తోకచుక్క కంటపడింది. అధ్యాపకుడు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ దాన్ని సరిచూసి నిర్ధారించారు. ఆ తోకచుక్క బప్పు-బాక్-న్యూకిర్క్ అనే పేరుతో చరిత్రకెక్కింది. మన దేశం వ్యక్తి పేరు ఒక తోకచుక్కకు రావడం అప్పట్లో పెద్ద విశేషం.

1952లో పీహెచ్‌డీ పూర్తయింది. ఆ వెంటనే కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని పాలోమర్ కొండ మీదికి వెళ్ళారు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోప్ అక్కడే ఉంది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పని ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చింది. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసినప్పుడు కాల్షియం వల్ల ఒక గీత కనబడుతుంది. దాని నడుమ సన్నని వెలుగు చార ఉంటుంది. ఆ చార వెడల్పు చూసి నక్షత్రం అసలు వెలుగు ఎంతో చెప్పొచ్చని ఇద్దరూ 1957లో ప్రకటించారు. బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, అది కనిపించే వెలుగును బట్టి ఎంత దూరంలో ఉందో లెక్కకట్టవచ్చు కదా. ఇదీ అలాంటిదే. దీన్ని ఈ రోజుకీ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అనే పిలుస్తారు.

అమెరికాలో ఉండిపోయి ఉంటే ఆయనకు ఏ లోటూ ఉండేది కాదు. కానీ 1953లో తిరిగి వచ్చేశారు. అప్పటికి మన దేశంలో నక్షత్రాలను లోతుగా పరిశీలించే పెద్ద టెలిస్కోప్ లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్ళూ తక్కువే.

నక్షత్రం ఎందుకు మినుకుమంటుంది

బప్పు తర్వాత చేసిన పని అర్థం కావాలంటే గాలి గురించి కాస్త తెలుసుకోవాలి. నక్షత్రం వెలుగు ఏళ్ళ తరబడి శూన్యంలో నేరుగా ప్రయాణించి వస్తుంది. చివరి కొద్ది కిలోమీటర్లే మన గాలిలో. పాడయ్యేది ఆ కొద్దిలోనే.

పెళ్ళింట్లో బిర్యానీ డేగ్‌ల కింద కట్టెలు మండుతుంటే, ఆ పొయ్యి మీదుగా అవతలి మనిషిని చూడండి. ముఖం అలల్లో కదిలినట్టు ఉంటుంది. ఎండాకాలం తారు రోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు కూడా అంతే. వేడిగాలి, చల్లగాలి వెలుగును వేర్వేరుగా వంచుతాయి. రెండూ కలగలిసి సుడులు తిరుగుతుంటే వెలుగు ఒక్కో క్షణం ఒక్కో దారి పడుతుంది. మన కంటికి నక్షత్రం మినుకుమన్నట్టు ఉంటుంది. టెలిస్కోప్‌లో అయితే చుక్కలా ఉండాల్సిన నక్షత్రం చెదిరిన మచ్చలా కనిపిస్తుంది. ఈ చెదరడం ఎంత తక్కువైతే ఆ రాత్రి అంత మంచిదన్నమాట. దీన్నే శాస్త్రవేత్తలు సీయింగ్ అంటారు.

కొలిచేది ఆర్క్ సెకండ్లలో. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో పెట్టిన రూపాయి బిళ్ళ మన కంటికి ఎంత ఉంటుందో అంత. రెండు మీటర్లకు పైబడ్డ అద్దం లెక్క ప్రకారం ఇందులో పదో వంతు కంటే చిన్న వివరాన్ని కూడా పట్టుకోవాలి. కానీ గాలి నక్షత్రాన్ని ఒక ఆర్క్ సెకండ్ మేర చెదరగొడితే ఆ పెద్ద అద్దానికీ, పది పదిహేను సెంటీమీటర్ల చిన్న టెలిస్కోప్‌కీ వివరం విషయంలో తేడా ఉండదు. పెద్ద అద్దం వెలుగును ఎక్కువగా పోగు చేస్తుంది, నిజమే. కానీ బొమ్మ పదును అద్దం చేతిలో లేదు, గాలి చేతిలో ఉంది.

వ్యాపారం తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సందు చివర, ఎవరూ నడవని చోట ఎంత గొప్ప షాపు పెట్టినా ఏం లాభం? ముందు చోటు చూసుకోవాలి, తర్వాతే పెట్టుబడి. బప్పు ఇదే పద్ధతి పట్టారు.

బనారస్ నుంచి కొండ మీదికి

1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బనారస్‌లో ఒక అబ్జర్వేటరీ మొదలుపెట్టింది. అదే ఏడాది చివర్లో దాని బాధ్యత బప్పు చేతికి వచ్చింది. అప్పుడు ఆయన వయసు 27. గంగా మైదానంలో దుమ్ము, చలికాలం పొగమంచు, పగలంతా కాగిన నేల నుంచి రాత్రి పైకి లేచే వేడి. అలాంటి చోట ఎంత మంచి యంత్రం పెట్టినా ఫలితం అంతంత మాత్రమే. ఆయన పట్టుబట్టి అబ్జర్వేటరీని కుమావూ కొండల్లోని నైనిటాల్‌కు తరలించారు. అక్కడ కూడా దొరికిన చోట సర్దుకోలేదు. చివరికి ఊరికి దూరంగా, 1,950 మీటర్ల ఎత్తున ఉన్న మనోరా పీక్‌ను ఖాయం చేశారు.

కొండ శిఖరం ఎందుకంటే, చల్లటి బరువైన గాలి, దుమ్ము, తేమ రాత్రిపూట లోయల్లోకి దిగి కూర్చుంటాయి. శిఖరం వాటికి పైన ఉంటుంది. కానీ ఎత్తు ఒక్కటే చాలదు. పక్కన మరో పెద్ద కొండ ఉంటే దాన్ని దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది. రాళ్ళ నేల పగలు కాగి రాత్రి వేడిని వదులుతుంది. చెట్లున్న నేల అంతగా కాగదు. ఇవన్నీ చూడాలి. మ్యాప్ చూసి తేల్చే పని కాదిది. నెలల తరబడి రాత్రిళ్ళు అక్కడే కూర్చుని లెక్క రాసుకోవాలి.

మనోరా పీక్ మీద అబ్జర్వేటరీ 1961లో మొదలైంది. అప్పటికి బప్పు అక్కడ లేరు. 1960లోనే కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్‌గా వెళ్ళిపోయారు.

జవ్వాది కొండల్లో

కొడైకెనాల్ అబ్జర్వేటరీ 1899 నాటిది. సూర్యుడి పరిశీలనకు పేరున్న చోటు. అయితే అక్కడ రాత్రిళ్ళు మబ్బు, మంచు ఎక్కువ. నక్షత్రాల పనికి వేరే చోటు కావాలి. 1960ల మొదట్లో బప్పు దక్షిణ భారతంలో వెతుకులాట మొదలుపెట్టించారు.

గాలి కుదురును కొలవడానికి ఆ కాలంలో ఉన్న పద్ధతులు సాదాసీదావే. ధ్రువ నక్షత్రం వైపు టెలిస్కోప్‌ను కదలకుండా బిగించి ఫోటో తీస్తారు. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రం పలక మీద గీత గీస్తుంది. గాలి కుదురుగా ఉంటే ఆ గీత దారంలా సన్నగా వస్తుంది. కుదురు లేకపోతే వణికే చేత్తో రాసినట్టు వంకరలు పోతుంది. ఇంకో పద్ధతి జంట నక్షత్రాలది. వాటి మధ్య దూరం ముందే తెలుసు కాబట్టి, ఈ రాత్రి ఎంత దగ్గరి జంట వరకు విడిగా కనబడుతోందో చూస్తే గాలి గుణం తెలిసిపోతుంది. వీటితో పాటు ఏడాదిలో ఎన్ని రాత్రులు మబ్బు లేదు, రాత్రి వేడి ఎంత పడిపోతోంది, తేమ ఎంత, గాలి వేగం ఎంత అనే లెక్కలు కూడా కావాలి.

వెతుకులాట తమిళనాడులోని జవ్వాది కొండల్లో, కావలూరు అనే చిన్న పల్లె దగ్గర ఆగింది. వాణియంబాడి మనవాళ్ళకు కొత్త ఊరేమీ కాదు. తోళ్ళ వ్యాపారానికీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలకూ పేరున్న పట్టణం. అక్కడి నుంచి ఆలంగాయం మీదుగా కొండెక్కితే కావలూరు వస్తుంది. ఎత్తు 725 మీటర్లే. హిమాలయాలతో పోలిస్తే గుట్ట లాంటిది. కానీ చుట్టూ అడవి, పట్నాల వెలుతురు దూరం. ఇంకో పెద్ద లాభం, అది భూమధ్యరేఖకు 12 డిగ్రీల పైన మాత్రమే ఉంది. అందుకని ఉత్తరాకాశంతో పాటు దక్షిణాకాశంలో చాలా భాగం అక్కడి నుంచి కనబడుతుంది.

కావలూరు గాలి ప్రపంచంలోకెల్లా మేలైనదేమీ కాదు. వర్షాకాలంలో నెలల తరబడి మబ్బు పట్టి ఉంటుంది. లాభనష్టాలు బేరీజు వేసి, ఉన్నవాటిలో మంచిది ఎంచుకున్నారంతే. 1968లో మొదట పెట్టింది కూడా పెద్ద యంత్రం కాదు. కొడైకెనాల్ వర్క్‌షాప్‌లో సొంతంగా తయారు చేసుకున్న 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోప్. దానితో చోటు ఎలాంటిదో తేల్చుకుని, 1972లో జర్మనీలోని యేనా నుంచి తెచ్చిన ఒక మీటరు జైస్ టెలిస్కోప్‌ను నిలబెట్టారు. ఈ మధ్యలోనే 1971లో కొడైకెనాల్ సంస్థ వాతావరణ శాఖ నుంచి విడిపోయి, భారత ఖగోళ భౌతిక సంస్థగా సొంత కాళ్ళ మీద నిలబడింది. దానికి డైరెక్టర్ బప్పుయే.

చోటు చూపించిన ఫలితం

1972 జూన్ 7న గురుగ్రహపు చందమామల్లో పెద్దదైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చింది. కొత్త టెలిస్కోప్‌తో ఆ ఘడియను కావలూరు నుంచి పట్టుకున్నారు. గానిమీడ్ చుట్టూ పలుచని గాలి పొర ఉండొచ్చనే సూచన ఆ పరిశీలనల నుంచి వచ్చింది.

1977 మార్చి 10న ఇంకా పెద్ద సంఘటన. యురేనస్ గ్రహం ఒక నక్షత్రం ముందు నుంచి వెళ్ళబోతోంది. అమెరికా శాస్త్రవేత్తలు గాలి బెడదే వద్దని టెలిస్కోప్‌ను విమానంలో పెట్టుకుని హిందూ మహాసముద్రం మీద ఎగిరారు. కావలూరు వాళ్ళు నేల మీదే ఉండి, గాలి లోంచే చూడాలి. గ్రహం అడ్డు రాకముందే నక్షత్రం వెలుగు ఒక్కసారి పడిపోయి మళ్ళీ లేచింది. ఇక్కడే చిక్కు. గాలి కూడా నక్షత్రాన్ని మినుకుమనిపిస్తుంది కదా. పడిపోయింది గాలి వల్లనా, ఆకాశంలో నిజంగా ఏదైనా అడ్డు రావడం వల్లనా? గాలి మినుకు సెకనులో చిన్న వంతు. ఈ తగ్గుదల అంతకంటే చాలా ఎక్కువసేపు ఉంది, నిక్కచ్చిగా ఉంది. మొదట అది యురేనస్‌కు కొత్త ఉపగ్రహం కావచ్చని అనుకున్నారు. ఇతర చోట్ల లెక్కలతో కలిపి చూశాక అసలు సంగతి తేలింది. శనికి ఉన్నట్టే యురేనస్‌కు కూడా వలయాలున్నాయి. ఆ రాత్రి నైనిటాల్ నుంచి కూడా అదే దృశ్యాన్ని నమోదు చేశారు. రెండు చోట్లూ బప్పు ఎంచుకున్నవే.

చూడకుండానే వెళ్ళిపోయారు

బప్పు అసలు కల వేరే. 2.34 మీటర్ల టెలిస్కోప్, అదీ మన దేశంలోనే మన చేతులతో తయారు కావాలి. అద్దాన్ని మనవాళ్ళే సాన పట్టాలి, దాన్ని మోసే ఇనుప నిర్మాణం మన ఫ్యాక్టరీలోనే తయారు కావాలి. విదేశం నుంచి కొని తెస్తే పని త్వరగా అవుతుంది, కానీ విద్య మాత్రం రాదని ఆయన నమ్మకం. పని ఏళ్ళ తరబడి సాగింది.

ఈలోగా గౌరవాలు వరసగా వచ్చాయి. 1970లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ పదవి ఒక భారతీయుడికి దక్కడం అదే మొదటిసారి.

1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభలు గ్రీస్‌లోని పాత్రస్‌లో జరిగాయి. అధ్యక్షుడు మాత్రం జర్మనీలోని మ్యూనిక్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. గుండె ఆపరేషన్ తర్వాత ఆగస్టు 19న కన్నుమూశారు. 55 ఏళ్ళు నిండి అప్పటికి తొమ్మిది రోజులే.

ఆయన మొదలుపెట్టిన టెలిస్కోప్‌ను శిష్యులు, సహచరులు పూర్తి చేశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి, ఆ టెలిస్కోప్‌కూ, అబ్జర్వేటరీకీ వైను బప్పు పేరు పెట్టారు. నైనిటాల్‌లో శిఖరాన్ని ఎంచి, అది తయారయ్యేలోపు కదిలారు. కావలూరులో అద్దాన్ని సాన పట్టించి, అది నక్షత్రాన్ని చూసేలోపు లోకం వదిలారు.

ఆ లెక్క ఇంకా నడుస్తోంది

ముందు గాలిని కొలువు, తర్వాతే కట్టు అనే పద్ధతి మాత్రం ఆగలేదు. ఆయన సంస్థే తర్వాత లద్దాఖ్‌లోని హాన్లేను ఎంచుకుంది. 4,500 మీటర్ల ఎత్తు, ఎముకలు కొరికే చలి, పొడి గాలి. అక్కడ గాలి కుదురును కొలవడానికి కొత్త పద్ధతి వాడారు. చిన్న టెలిస్కోప్ మూతికి రెండు రంధ్రాలున్న మూత పెడతారు. దాంతో ఒకే నక్షత్రం రెండు చుక్కలుగా పడుతుంది. ఈదురుగాలికి టెలిస్కోప్ ఊగితే రెండు చుక్కలూ కలిసే కదులుతాయి కాబట్టి వాటి మధ్య దూరం మారదు. పైనున్న గాలి సుడుల వల్ల అయితే ఒక్కోటి ఒక్కో వైపు కదులుతుంది. ఆ దూరం ఎంత మారుతోందో కొలిస్తే గాలి గుణం అంకెల్లో వచ్చేస్తుంది. చూసేవాడి అంచనా మీద ఆధారపడే పనే లేదు. అలా తేల్చుకున్నాకే 2000 సంవత్సరంలో అక్కడ రెండు మీటర్ల టెలిస్కోప్ కన్ను తెరిచింది.

హైదరాబాద్ కూడా ఈ పాఠం నేర్చుకుంది. బేగంపేట చుట్టూ ఊరు పెరిగి, ఆకాశం వెలుతురుతో, దుమ్ముతో నిండిపోయాక, నిజామియా డైరెక్టర్‌గా పనిచేసిన మహమ్మద్ అక్బర్ అలీ 48 అంగుళాల కొత్త టెలిస్కోప్ కోసం పూనుకున్నారు. 1960లో ఆయన చనిపోయారు. ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్ దగ్గర ఆ టెలిస్కోప్ 1968లో మొదలైంది. ఆయనా దాన్ని చూడలేదు.

ఫిసల్ బండలో ఒక నవాబు పెట్టిన టెలిస్కోప్ వల్ల ఒక తండ్రికి ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం వల్ల ఒక పిల్లవాడికి ఆకాశం దొరికింది. ఆ పిల్లవాడి వల్ల దేశానికి నైనిటాల్, కావలూరు దొరికాయి. ఈసారి చాంద్ రాత్‌కు మిద్దె ఎక్కినప్పుడు, నెలవంక దొరికాక ఒక్క నిమిషం ఆగి, దిగంతం దగ్గర వణికే నక్షత్రాన్నీ, నడినెత్తిన కుదురుగా వెలిగే నక్షత్రాన్నీ పిల్లలకు చూపించండి. ఆ రెండింటి మధ్య తేడాను కొలవడానికే మన ఊరి అబ్బాయి ఒకాయన తన రాత్రిళ్ళు ఖర్చు పెట్టాడని చెప్పండి.